గుప్పెడు కలిస్తే ఏమైతది

మద్దేడ్‌లో పిండి గిర్ని నడుపుతూ గోధుమ రొట్టె మానేసిన మనిషి శ్రీరంగం ఒక్కడే. ఆయనకు జబ్బేమీ లేదు. జబ్బు భార్య జ్ఞానప్రసూనకు. పదకొండేళ్ళుగా కడుపు ఉబ్బరం, నీరసం, నోటి నిండా పుండ్లు. జగదల్‌పూర్ డాక్టరు రక్తం తీసి, గొంతులోంచి గొట్టం వేసి చూసి, గోధుమలో ఉండే గ్లూటెన్ ఆమె పేగులకు పడదనీ, ఇక జన్మలో గోధుమ ముట్టొద్దనీ చెప్పాడు. ఒంట్లో రక్తం మరీ తక్కువగా ఉంది, మూడు నెలల్లో పెరగకపోతే ఆస్పత్రిలో చేర్చాలన్నాడు. గిర్ని యజమాని పెళ్ళానికి పిండి పడకపోవడం శ్రీరంగానికి పరువు తక్కువగా తోచింది. తిరుగు ప్రయాణంలో గీదం దాకా దిగులుపడి, అక్కడ బస్సు మారేసరికి ఉపాయం కనిపెట్టాడు. తనూ గోధుమ మానేస్తాడు. అప్పుడది జబ్బు కాదు, ఆరోగ్య సూత్రం.

వారం తిరక్కుండానే ఆయనలో మార్పులు మొదలయ్యాయి. అంటే, ఆయన చెప్పుకోవడం మొదలుపెట్టాడు. మోకాలి నొప్పి మాయమైందన్నాడు. బెల్టు ఒక కన్నం లోపలికి వచ్చిందన్నాడు, అది ఆ వారమే కొన్న బెల్టు. నడినెత్తిన జుట్టు మొలుస్తోందని పక్క బట్టల కొట్టు భానుప్రకాష్ చేత బలవంతంగా తడిమించాడు. బస్టాండు హోటల్లో జిలేబీ తింటూ దొరికిపోయిన రోజున, "ఇది మైదా భాయ్, గోధుమ గాదు" అన్నాడు. మైదా దేంతో చేస్తారో ఆ ఊళ్ళో ఆయనకంటే బాగా తెలిసినవాడు లేడు.

అసలు మార్పు ఇంట్లో జరిగింది. అన్నం, పప్పు, కూర తప్ప మరొకటి ముట్టని జ్ఞానప్రసూనకు రెండో వారానికి ఉబ్బరం దిగిపోయింది. బావి నుంచి నీళ్ళ బిందె తెచ్చుకుంటూ మధ్యలో కూలబడటం మానేసింది. మూడో వారానికి నోటి పుండ్లు మానాయి. దాంతో మాట్లాడటం మొదలుపెట్టింది.

ఇది శ్రీరంగం ఊహించలేదు. తన భార్య మితభాషి అని ఆయన ఇన్నేళ్ళూ ఊరంతా గొప్పగా చెప్పుకున్నాడు. ఆ మితం నొప్పి వల్ల వచ్చిందేమోనని ఎన్నడూ అనుకోలేదు. ఇప్పుడు పొద్దున టీ దగ్గరే మొదలు. "ఆ పరదాల రంగు నాకు మొదటి సంది నచ్చలే." "మీ గురక గురించి పదేండ్ల సంది చెప్దామనుకుంటున్న." "మీ అక్క నాకు పెట్టిన చీరకు చినుగు ఉండె, నేను మర్చిపోయిన అనుకుంటుంది." బియ్యంలో రాళ్ళేరుతూ పాడేది, ఒక్కతే నవ్వుకునేది. ఆమె చెంపల్లో రంగు చూసి శ్రీరంగానికి సంతోషమే. ఆ సంతోషం కాస్త తక్కువ మాట్లాడితే బాగుండునని మాత్రం అనుకున్నాడు.

ఆ ఊపులోనే గిర్ని ముందు బోర్డు కట్టించాడు: గ్లూటెన్ ఫ్రీ రాగి పిండి, మా ఇంట్లో తినేది ఇదే. తాతల నాటి నుంచీ రాగులు పండించి జావ తాగుతున్న చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆ బోర్డు కింద ఆగి, తమ రాగులకు అంత పెద్ద పేరు ఎప్పుడు పెట్టారా అని చూసి వెళ్ళేవాళ్ళు. మొదటి పొట్లం శ్రీరంగం స్వయంగా ఇంట్లోకి తెచ్చాడు. "నా చేత్తోని పట్టిన పిండి. ఉత్త అన్నం తింటే రక్తమెట్ల పెరుగుతది? దినం రెండు రొట్టెలు తిను."

తిన్నది. రెండు వారాలకు ఉబ్బరం తిరిగి వచ్చింది. నెల తిరిగేసరికి నాలుక మీద పుండ్లు లేచాయి, మాట ఆగిపోయింది. "పథ్యం సరిగ్గ చేస్తలేవు ప్రసూనా. నాకు తెల్వకుండ చపాతీ తింటున్నవా?" అని నిలదీస్తే తల అడ్డంగా ఊపింది. డాక్టరు పెట్టిన గడువు ఇంకా నెలే ఉంది. శ్రీరంగానికి భయం వేసింది. కానీ భానుప్రకాష్ గిర్నికి వచ్చి ఇంట్లో ఎలా ఉందని అడిగితే తను నవ్వి, "పథ్యం సంగతేమో గాని భాయ్, ఇప్పుడు ఇంట్ల జర నిమ్మళంగ ఉంది" అన్నాడు. గిర్నికీ వంటింటికీ మధ్య ఉన్నది ఒక్క రేకు గోడ.

సంత రోజున అడవి పల్లె నుంచి ఆయతి అనే ఆవిడ రాగుల మూటతో వచ్చింది. అప్పుడే హాస్టలు వాళ్ళ గోధుమలు పట్టడం అయిపోయింది. శ్రీరంగం మూట అందుకోబోతే ఆమె వెనక్కి లాక్కుంది.

"ఆగు సేటూ. గోధుమల ఎనక నాయి పొయ్యకు. ముందట ఎవలయన్న బియ్యం పట్టు."

"ఏం, గుప్పెడు కలిస్తే ఏమైతది?" అన్నాడు శ్రీరంగం. ఇరవై ఏళ్ళుగా రోజుకు పదిసార్లు ఆ గిర్నిలో అనే మాటే అది.

"గుప్పెడేంది? రాళ్ళ నడుమ అదే, గుడ్డ గొట్టంల అదే. నా జావ జిగురైతది."

గ్లూటెన్ అన్న మాట ఆయతి ఎన్నడూ వినలేదు. శ్రీరంగం పిండి దిగే గొట్టానికి కట్టిన గుడ్డ వంక చూశాడు. దాని మడతల్లో గోధుమ పిండి తెల్లగా పేరుకుని ఉంది. బోర్డు కింద అమ్మిన ప్రతి పొట్లమూ, ఇంటికి తెచ్చిన ప్రతి పొట్లమూ ఈ రాళ్ళ నుంచే వచ్చింది. ప్రతిరోజూ ఆ గుప్పెడు పెళ్ళానికి తినిపించి, పైగా దొంగతిండి నేరం మోపాడు. మోటారు ఆపేశాడు.

బోర్డు తనే విప్పి, సంతలో నిలబడి, "నా రాగి పిండిల గోధుమ కలిసింది, కడుపు బాగ లేనోళ్ళు తినకుండ్రి" అని అరిచాడు. నడినెత్తిన జుట్టు సంగతి ఆ రోజు ఎవరూ అడగలేదు, అదే మేలు. సాయంత్రం ఆయతి వాళ్ళింటి నుంచి గోధుమ ఎరగని పాత విసుర్రాయి బండి మీద తెచ్చుకున్నాడు. మర్నాటి నుంచీ మద్దేడ్ గిర్ని యజమాని గిర్ని కట్టేసి ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని చేత్తో రాగులు విసిరాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. వాటి గురించి ఎవరికీ చెప్పుకోలేదు, ఆయన చరిత్రలో అదే మొదటిసారి.

నెల చివర పరీక్షలో రక్తం కొద్దిగా పెరిగింది. నోటి పుండ్లు మానాయి. ఆ సాయంత్రం జ్ఞానప్రసూన వచ్చి విసుర్రాయి పక్కన కూర్చుంది.

"ఆనాడు భానుప్రకాష్‌తోని ఇంట్ల నిమ్మళంగ ఉందన్నరు. నేను మీ అన్నం గిన్నె పట్టుకొని గోడకు ఇవతల్నే ఉన్న."

విసుర్రాయి ఆగింది.

"నొప్పికి నోరు తెరవరాలే. తెరవొస్తే ఆనాడే అడుగుదును."

శ్రీరంగం తల దించుకున్నాడు. పిడి వదిలేశాడు. ఆమె ఆయన చెయ్యి తిప్పి బొబ్బలు చూసింది, మళ్ళీ పిడి మీద పెట్టింది.

"ఇసురుండ్రి, మెల్లగ. చప్పుడుల నా మాట వినపడాలె. ఇంక పదకొండేండ్ల మాటలు ఉన్నయి."