ఎర్ర పట్టీ

రత్నాకర్‌కు తాను చాలా శాంతపరుణ్నని గట్టి నమ్మకం. అబుదాబి శివారు బనియాస్‌లో వాళ్లుండే బిల్డింగ్ మొత్తమ్మీద ఆ నమ్మకం ఉన్నది అతనొక్కడికే. పరంజాలు కట్టించే స్కఫోల్డింగ్ ఫోర్‌మన్ అన్నాక ఎక్కడో పైఅంతస్తులో ఉన్న మనిషికి వినబడేలా అరవడం ఉద్యోగంలో భాగమే. ఇంటికొచ్చాక ఆ గొంతును ఎక్కడ పెట్టాలో మాత్రం అతనికి ఎవరూ చెప్పలేదు. కోపమంతా కూతురిదేనని అతని వాదన.

పదో తరగతి చదివే సుభాషిణికి కోపమొస్తే మాట రాదు, చేతికందింది ఎగిరిపోతుంది. గత నెల క్లాసులో తోటి పిల్ల టాబ్లెట్‌ను నేలకేసి కొట్టింది. ఇంకోసారి ఇలా జరిగితే సీటు ఉండదని స్కూలువాళ్లు మర్యాదగానే చెప్పారు. రత్నాకర్ ఆ మర్యాద కూడా లేకుండా భార్యతో తేల్చేశాడు.

"ఖలాస్. పోరిని తీస్కోని నువ్వు ఆర్మూర్ పో. ఆడ హాస్టల్ల ఏస్తే పొగరు దిగుతది."

ఏళ్ల తరబడి లేబర్ క్యాంపులో ఒంటరిగా పడుకుని, ఫోర్‌మన్ అయ్యాక గానీ వాళ్లను తెచ్చుకోలేకపోయిన మనిషి ఆ మాట అన్నాడంటే ఎంత విసిగిపోయాడో చూడండి. వాసంతి ఏడ్చింది. ఏడ్చి, స్కూలు కౌన్సెలర్ చెప్పిన యూనివర్సిటీ పరిశోధన సంగతి బయటపెట్టింది. పిల్లల మెదడు ఎలా పనిచేస్తోందో అప్పటికప్పుడు వాళ్లకే చూపిస్తూ, ఉద్రేకాన్ని అదుపు చేసుకోవడం నేర్పిస్తారట.

"గిదొక్కటి జూద్దాం. కాకుంటే నువ్వన్నట్టే పోతం" అంది. సుభాషిణి కూడా సరేనంది.

అబుదాబిలో ఆ పరిశోధన ల్యాబ్ నడిపే డాక్టర్ సుగ్రా బేగం హైదరాబాదీ. సుభాషిణి చెవిపోగులు తీసి తల్లి చేతిలో పెట్టి, పెద్ద సొరంగంలాంటి స్కానర్లోకి వెళ్లి పడుకుంది. సైటులో కాంక్రీటు పగలగొట్టినట్టు మోత మొదలైంది. అద్దానికి ఇవతల కంప్యూటర్ మీద బూడిదరంగు మడతలు పొరలుపొరలుగా కదిలాయి.

"ఇదేంది మేడం?"

"మీ బిడ్డ మెదడు, భాయ్."

రత్నాకర్ కుర్చీ అంచుకు జరిగాడు. ఈ పిల్ల పుట్టినప్పుడు అతను ఇక్కడ క్యాంపులో ఉన్నాడు. మొదటిసారి చూసేసరికే నడుస్తోంది, అతణ్ని చూసి ఏడ్చి తల్లి వెనక దాక్కుంది. అలాంటిది ఇప్పుడు ఇంత లోపలికి, ఆ పిల్ల కూడా ఎన్నడూ చూడని చోటికి, తొంగిచూస్తున్నాడు. 

"లోపల బాదంగింజంత చోటు ఒకటుంటది" అని సుగ్రా తెర మీద వేలు పెట్టింది. "భయం, కోపం రాజుకుంటే అది జోరుగా పనిచేస్తది. అప్పుడు ఈ ఎర్ర పట్టీ పైకి లేస్తది. లోపల పాపకు కూడా కనబడుతుంటది. దించుడు ఆమె పని. ఎట్ల దించాల్నో ఆమెనే వెతుక్కోవాలె. మీరు ఇంట్ల రోజూ అనే మాట ఒకటి ఈ మైకుల అనుండ్రి, పాపకు హెడ్‌ఫోన్ల ఇనబడతది."

రత్నాకర్ మైకు ముందుకు వంగి గొంతు సవరించుకున్నాడు. ఇంట్లో అడుగుపెట్టే ముందు కూడా అతను అలాగే గట్టిగా సవరించుకుంటాడు. మగమనిషి వస్తున్నాడని లోపలివాళ్లకు తెలియాలి కదా, అది తండ్రి నుంచి నేర్చుకున్న మర్యాద. కానీ ఇంతమందిలో అనాల్సిన మాట నోటికి రాలేదు. మైకు నుంచి వెనక్కి జరిగాడు. కాసేపటికి పట్టీ సర్రున లేచింది.

"నేనేమనలే గద మేడం!"

"అనలే. నేను కూడా చూసిన. ఒక్కసారితోటి ఏం చెప్పలేం. మళ్లీ చూద్దాం."

పట్టీ సర్దుకున్నాక అతను మళ్లీ గొంతు సవరించుకున్నాడు. మళ్లీ లేచింది. సుగ్రా మైకు ఆపేసింది.

"ఇంట్ల కూడా గిట్లనే చేస్తరా, భాయ్?"

జవాబు వాసంతి చెప్పింది. "తలుపు కాడనే. అది ఇనవడంగనే పోరి పుస్తకం మూసేస్తది."

రత్నాకర్‌కు చూపు తెర మీదికి పోయింది. రోజూ మర్యాద అనుకుని మోగించిన చప్పుడు పిల్ల తలలో ఇంత మంట పెడుతోందా? పొగరు అనుకున్నది భయమా? సిగ్గుతో తల దించుకోబోయి ఆగిపోయాడు. పట్టీ వణుకుతోంది. కొంచెం దిగి, మళ్లీ ఎగబాకి, మళ్లీ దిగుతోంది. ఎవరూ దిగమని గద్దించలేదు. ఆ మోతలో ఒంటరిగా పడుకుని పిల్ల తనకు తానే దించుకుంటోంది. చివరికి అది అడుగుకు చేరి నిలిచింది. ఆకాశమంత టవర్లు లేపిన మనిషి నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు. ఇంతకంటే గొప్ప పని అతను ఏ సైటులోనూ చూడలేదు.

ఈ పరిశోధనలో తల్లిదండ్రుల్లో ఒకరు కూడా స్కానర్లో పడుకోవాలి. రత్నాకర్ పడుకున్నాడు. ఇప్పుడు మైకు దగ్గర సుభాషిణి ఉంది. ముందుకు వంగింది. తర్వాత మెల్లగా అంది.

"బాపూ, నేను ఆర్మూర్ పోత."

రత్నాకర్ కళ్ల ముందున్న పట్టీ పైఅంచుకు తగిలింది. పంపిస్తానన్నది తనే కదా, మరి ఇదేంటి? దేవుణ్ని తలచుకున్నాడు. పళ్లు బిగించాడు. చివరికి అలవాటు కొద్దీ "దిగూ!" అని సొరంగంలో అరిచాడు. అది దిగకపోగా అక్కడే అతుక్కుపోయింది.

బయటికొచ్చేసరికి చొక్కా తడిసిపోయింది. కూతురు అద్దం దగ్గరే నిలబడి ఉంది. ఆ పిల్ల కళ్లు కూడా తడిశాయి.

"నేను పోత అంటే గంత లేసిందేంది బాపూ?"

రత్నాకర్ కూతురి దగ్గరికి వెళ్లాడు. "నాతోని కాలే బిడ్డా. నువ్వెట్ల దించినవ్?"

తిడుతున్నాడేమోనని సుభాషిణి అతని ముఖంలోకి చూసింది. తిట్టు కాదు, నిజంగానే అడుగుతున్నాడు.

"దాన్ని దిగుమనొద్దు బాపూ. అంటే ఇంకా లేస్తది. ఉంటే ఉండనీ అని చూస్కుంట ఉండాలె. జరసేపటికి అదే అలిసిపోతది."

"మల్ల జెప్పు. మెల్లగ జెప్పు."

పిల్ల మళ్లీ మొదటి నుంచి చెప్పింది. అతను చేతులు కట్టుకుని విన్నాడు. లిఫ్టు దగ్గర వాసంతి భయంభయంగా అడిగింది. "మరి ఆర్మూర్ సంగతి?"

"ఇది నాకు నేర్పకుంట పిల్ల ఏడికి పోతదే?" అన్నాడు రత్నాకర్.