చెవులున్న గిన్నెలు

దక్షిణాఫ్రికాలోని కరూ మెట్టల్లో గొర్రెలు మేపుకునే లేనీ బ్యూక్స్‌కి గట్టు అవతల తెల్లగా మొలిచిన రేడియో గిన్నెలన్నా, వాటిని కాసుకునే చదువుకున్నవాళ్ళన్నా ఒళ్ళుమంట. చుక్కలు గుసగుసలాడితే ఆ గిన్నెలు వింటాయట. వాటి చెవులకి ఇబ్బందని చుట్టుపక్కల సెల్‌ఫోన్లు వద్దన్నారు, పెట్రోలు ఇంజన్లు వద్దన్నారు. డీజిల్ బండ్లు తిరగొచ్చట, ఎంత దయో.

చర్చి హాల్లో మీటింగు పెట్టి, కేప్‌టౌన్ నుంచి వచ్చిన రువాన్ అనే కుర్ర ఇంజనీరు ముందు వరసలో కూర్చున్న లేనీని చూస్తూ పాఠం చెప్పాడు.

"వెలుతురూ రేడియో తరంగాలూ ఒక జాతివే అత్తా. పొడవులోనే తేడా. ఆ తరంగాల పెద్ద వరసలో మన కంటికి ఆనేది చిటికెడు."

"మరి కిరసనాయిలు దీపం పెట్టుకోవచ్చా నాయనా, దానికీ మీ సంతకం కావాలా?"

"ఎన్నైనా పెట్టుకోండి. మా గిన్నెలకి వెలుతురు ఆనదు. పెట్రోలు ఇంజన్లో ప్లగ్గు కొట్టే నిప్పురవ్వ మాత్రం ఉరుములా వినబడుతుంది."

"ఇంత డబ్బు పోసి గుడ్డివాటిని తెచ్చారన్నమాట," అంది లేనీ. హాలంతా నవ్వింది. రువాన్ కూడా మర్యాదకి నవ్వాడు.

ఆగస్టులో ఒక పొద్దున ఆమె మొగుడు ఫ్లోర్స్ గాలిమర బాగుచేస్తూ పైనించి పడ్డాడు. తొడ ఎముక విరిగింది, ప్యాంటు నెత్తుటితో తడిసింది. ఉన్న ఒక్క బండీ తీసుకుని, ఉన్ని అమ్మడానికి కొడుకు ఊళ్ళోకి పోయాడు. టెలిఫోను తీగలు దొంగలు ఎప్పుడో కోసుకుపోయారు. లేనీ బీరువా అద్దం ఊడదీసి, గట్టెక్కి, గిన్నెల దగ్గరి ఆఫీసు వైపు ఎండ తళుక్కుమనిపించింది. చేతులు పడిపోయేదాకా ఊపినా ఎవరూ రాలేదు. కిందికొచ్చేసరికి ఫ్లోర్స్ పెదాలు పాలిపోయాయి. ఆమెకి భయం వేసింది, వెంటనే కోపం వచ్చింది. గుడ్డివాళ్ళకి అద్దం చూపిస్తున్నానేమిటి, బుద్ధిలేకపోతే సరి, అని తనని తాను తిట్టుకుంది.

గిన్నెలవాళ్ళు అప్పగించమన్నా అప్పగించని, పెట్రోలుతో నడిచే పాత నీళ్ళ పంపు కొట్టంలో ఉంది. దాన్ని బయటికి ఈడ్చి, తాడు లాగి లాగి నడిపించింది. మొగుడి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

కాసేపటికే రువాన్ తెల్ల బండి దుమ్ము రేపుకుంటూ వచ్చింది.

"ముందు దాన్ని ఆపండత్తా, అక్కడ పనంతా పాడైపోతోంది," అంటూ దిగినవాడు ఫ్లోర్స్‌ని చూసి ఆగిపోయాడు.

"ఇందాకట్నించీ అద్దం ఊపితే మీలో ఒక్కడూ తల తిప్పలేదు. ఎక్కడో ఆకాశంలో గొణుగుడు వినడానికి చెవులున్నాయి గానీ పక్కింటి మనిషి మీకు ఆనడు. కాళ్ళ వైపు పట్టుకో. మెల్లిగా."

రువాన్ కాళ్ళు పట్టుకున్నాడు, ఇద్దరూ కలిసి బండిలో పడుకోబెట్టారు. బండి కదిలాక నసుగుతూ, "ఇంజను ఆపలేదత్తా," అన్నాడు.

"ఈయన బతుకుతాడని డాక్టరు చెప్పాక వచ్చి ఆపుకో."