వెళ్లిరా అనే కమాండు

తను దగ్గర లేనప్పుడు పిల్లకి జ్వరం నెత్తికెక్కి ఫిట్స్ వస్తాయేమోనని శ్రీదుర్గ భయం. దాని ముందు మిగతా భయాలన్నీ బలాదూరు. ఏడాది నిండని ఆ పిల్లకి ఇదివరకు ఒకసారి వచ్చాయి. అప్పుడు తల్లి ఒళ్లోనే ఉంది కాబట్టి సరిపోయింది. ఇప్పుడేమో పిల్ల నాగాయలంకలో అత్తగారు సత్యవతమ్మ దగ్గర, తను బందరులో ట్రైనింగులో.

నాగాయలంకలో వాళ్ల ముందుగదే కంప్యూటర్ సెంటరు. చేపల వేటకెళ్లేవాళ్లు గాలీవానా కబురు కనుక్కోడానికి, చదువుకునేవాళ్లు రిజల్ట్సు చూసుకోడానికి వస్తుంటారు. భర్త చిన్నబాబు ఒక్కడే నడపలేక, పదో క్లాసు మధ్యలో పెళ్లిపీటలెక్కిన దుర్గని పని నేర్చుకు రమ్మని, ఇలాంటి సెంటర్లన్నిటినీ చూసే బందరు పెద్దాఫీసుకి పంపాడు. ఈ సోమవారం బస్సెక్కేటప్పుడే పిల్ల ఒళ్లు వెచ్చగా తగిలింది.

భోజనాల వేళ నుంచీ ఫోన్ చేస్తోంది, ఎంగేజే. ఇంటికున్నది ఒకటే లైను. కంప్యూటర్ ఇంటర్నెట్ పట్టుకుని కూర్చుంటే ఇక ఫోన్ మోగదు. చిన్నబాబు లైను కలిపి, అలాగే వదిలేసి ఎటో వెళ్లుంటాడు.

"లైను బిజీ అంటే మీ మిషను ఇంటర్నెట్లో ఉన్నట్టే, ఇక్కణ్ణుంచి మనకి అందుతున్నట్టే కదమ్మా," అన్నాడు పక్క సీటు ప్రేమ్ సాగర్. గుడ్లవల్లేరు కాలేజీలో చదివాడు, దుర్గకి పని నేర్పేది అతనే. "ఎస్ ఎస్ హెచ్ కొట్టి లోపలికి వెళ్లు."

కొట్టింది. పాస్‌వర్డ్ ఇచ్చింది. నల్లటి తెర మీద నాగాయలంక మిషను పేరు వచ్చింది. ఇక తను ఇక్కడ ఏం కొడితే అది అక్కడ జరుగుతుంది, ఆ ముందుగదిలో కూర్చుని కొట్టినట్టే. గోడకి అవతలే పిల్ల ఉయ్యాల. కానీ ఈ దారిన ఏడుపు వినపడదు.

"లైను పట్టుకున్న ప్రోగ్రాము నంబరు ఇదిగో. కిల్ కొట్టి ఈ నంబరు కొట్టు. లైను ఖాళీ అవుతుంది, ఫోన్ మోగుతుంది."

దుర్గ వేళ్లు కీబోర్డు మీంచి లేచిపోయాయి.

"కిల్ అంటే చంపమనే కదండీ?"

"ప్రోగ్రామునమ్మా, మనుషుల్ని కాదు."

"ఏదైతేనేం. జ్వరప్పిల్ల ఉన్న ఇంట్లోకి దూరి ఆ మాట అనమంటారా అన్నయ్యగారూ? మేము దీపం ఆరిందని కూడా అనం, కొండెక్కిందంటాం. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం."

ప్రేమ్ సాగర్ నవ్వబోయి ఆగాడు. "మా ఇంట్లోనూ అంతేలే. చర్చికి వెళ్తూ కూడా మా అమ్మ వెళ్తున్నాననదు, వెళ్లొస్తానంటుంది. సరే, దానికి ఇంకో పేరు పెట్టుకో. ఏలియాస్ అంటారు, ముద్దుపేరనుకో. ఆ పేరు కొట్టినా పని అదే జరుగుతుంది."

"ఏ పేరైనా పెట్టొచ్చా?"

"నీ ఇష్టం. మీ ఆయన పేరు మాత్రం పెట్టకు."

దుర్గ ఇంగ్లీషు అక్షరాల్లో 'వెళ్లిరా' అని పెట్టింది. వెళ్లిరా, పక్కన నంబరు, ఎంటర్. తెర కొయ్యబారిపోయింది. లైను తెగితే తను వెళ్లిన దారీ తెగినట్టే మరి.

ఫోన్ తీసింది. మోగింది.

"అత్తయ్యా, పిల్ల..."

"గంజి తాగి పడుకుందే. పొద్దుట్నుంచీ తడిగుడ్డ వేస్తూనే ఉన్నా, ఒళ్లు చల్లబడింది. నీ మొగుణ్ణి పెంచింది ఎవరనుకున్నావు?"

దుర్గ పైటకొంగుతో కళ్లొత్తుకుంది. మనసు కుదుటపడ్డాక గానీ అత్తగారి గొంతు వణుకుతోందని చెవికెక్కలేదు. మాట మాటకీ పళ్లు టకటకమంటున్నాయి.

"మీకేమైందత్తయ్యా?"

"ఏముంది, కాస్త చలి. దుప్పటి కప్పుకున్నాలే. వాడితో అనకు, రిక్షా ఎక్కించి డాక్టరు దగ్గరికి లాక్కుపోతాడు. ఇదిగో, మాటల్లోనే వచ్చాడు. లైను కావాలట." పెట్టేసింది.

మళ్లీ చేస్తే ఎంగేజ్. అంటే చిన్నబాబు మిషను ముందున్నాడు. అక్కడి తెర మీద మాట పడాలంటే ఏం చెయ్యాలో ప్రేమ్ సాగర్‌ని అడిగి, దుర్గ మళ్లీ ఎస్ ఎస్ హెచ్ కొట్టి లోపలికెళ్లింది. సత్యవతమ్మకి చదువు రాదు, అదొక నయం. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది:

"ఏవండీ, పిల్ల బాగానే ఉంది. అత్తయ్యకే చలిజ్వరం, మీతో అనొద్దంది. నేను చెప్పానని చెప్పకండి. ఈ ముక్క చదవగానే లేచి లోపలికెళ్లి, ఆవిడ నుదుటి మీద చెయ్యేసి చూడండి."