మోకాలెత్తు మొక్కలు

“లేబుళ్ళు మా ఆవిడ పనండీ. ఎక్కడో తారుమారు చేసుంటుంది” అన్నారు మా ఆయన.

నేను వెనక షెడ్డులో కుండీలు కడుగుతున్నాను. నర్సరీ ముందు కౌంటరుకీ ఈ షెడ్డుకీ మధ్య ఉన్నది ఒక్క రేకు గోడ. అక్కడెవరు తుమ్మినా ఇక్కడ వినిపిస్తుంది. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసీ గొంతు తగ్గించలేదు. నేను వింటే కొంప మునిగేదేమీ లేదనుకున్నారన్నమాట.

వచ్చినావిడ కుట్టు టీచరుగా చేసి రిటైరైంది. పదేళ్ళ కిందట మా దగ్గర మూడు పొట్టి కోనిఫర్ మొక్కలు కొని, ఇంటి ముందు కిటికీ కింద నాటుకుంది. మోకాలు దాటి పెరగవని మామయ్యగారు భరోసా ఇచ్చారట. ఇప్పుడవి కిటికీ నిండా నిలబడ్డాయి. లోపల ఆవిడ అక్క ఉంటుంది. తుంటి విరిగి కుర్చీకే పరిమితమైన మనిషి. పగలంతా ఆ కిటికీలోంచి వీధి చూస్తూ కూర్చునేదట.

“వాపసు అడగడానికి రాలేదు బాబూ. మా అక్కకి ఉన్నది ఆ కిటికీ ఒక్కటే. అది పోయింది” అంది ఆవిడ.

“ఆడవాళ్ళ చేతిలో పెట్టాక ఇంకేం చేస్తామండీ” అని మా ఆయన నవ్వారు. ఆవిడ నవ్విన చప్పుడు వినబడలేదు. నేను కడిగిన కుండీనే మళ్ళీ కడిగాను.

పెళ్ళయిన కొత్తలో అత్తయ్యగారు నన్ను ఈ షెడ్డుకి తీసుకొచ్చి, “నీకు ఓపిక ఎక్కువట కదా, మీ అమ్మ చెప్పింది” అన్నారు. మెచ్చుకుంటున్నారనుకుని మురిసిపోయాను. అది ఉద్యోగమనీ, దానికి జీతమూ సెలవూ ఉండవనీ తర్వాత తెలిసింది. ఆకుల బదులు సూదులో పొలుసులో ఉండే ఈ చెట్ల పొట్టి రకాలు పెంచడం ఇంట్లో ఇంకెవరికీ ఇష్టం లేదు. తొట్టెలో గుచ్చిన కొమ్మ వేరు పోసుకోవడానికే నెలలు పడుతుంది. బతికిందో లేదో పైకి చెప్పదు. లోపల చచ్చిపోయిన కొమ్మ కూడా చాలాకాలం పచ్చగానే కనిపిస్తుంది. ఎవరైనా నన్ను ఎలా ఉన్నావని అడిగి, బాగున్నానని నేను చెప్పినప్పుడల్లా ఆ కొమ్మలు గుర్తొచ్చేవి. అయినా వాటి దగ్గరే నాకు బాగుండేది. అక్కడ నన్నెవరూ పిలిచేవారు కాదు, పిలిచినా కటింగులు పెడుతున్నానంటే సరిపోయేది.

వాటిలో నానా అని ఒక రకం ఉంది, నానా గ్రాసిలిస్ అని ఇంకొకటి. మొదట్లో ఆ పేరు విని నవ్వొచ్చింది. నానా చాకిరీ తెలుసు, నానా మాటలు తెలుసు, ఈ నానా ఏమిటి అనుకున్నాను. లాటిన్‌లో మరుగుజ్జు అని అర్థమట. ఉత్త నానా నిజంగానే మరుగుజ్జు. ఏడాదంతా చూసినా ఎదిగిందో లేదో అనిపిస్తుంది. గ్రాసిలిస్ అలా కాదు, పోను పోను మనిషిని దాటేస్తుంది. చిన్నప్పుడు మాత్రం రెండూ కవలపిల్లల్లా ఉంటాయి. చాలా నర్సరీల్లో తెలియక ఒకదాని పేరుతో ఇంకొకటి అమ్మేస్తారు. మా దగ్గరా అదే జరిగిందనుకుని, వెనక గోడ వెంట రెండింటినీ పక్కపక్కన నాటి, ఏళ్ళ తరబడి గమనించాను. నానా ఆకు గుబురు దట్టంగా, పిడికిలి బిగించినట్టుంటుంది. గ్రాసిలిస్ గుబురు వదులుగా విసనకర్రలా విచ్చుకుంటుంది. మా దగ్గర నానా పేరుతో అమ్ముతున్నది గ్రాసిలిసేనని తేలాక ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉత్సాహంగా చెప్పాను.

మామయ్యగారు కంచంలోంచి తలెత్తలేదు. “తెలుసమ్మా. అసలుది అమ్మకానికొచ్చేలోపు మన జుట్టు నెరుస్తుంది. ఇదైతే తొందరగా ఎదుగుతుంది. నువ్వు మొక్కలు పెంచు, పేర్ల సంగతి మేం చూసుకుంటాం” అన్నారు.

“సైంటిస్టుగారూ, ఇంకాస్త కూర వెయ్యండి” అన్నారు మా ఆయన. అందరూ నవ్వారు. గరిటె నా చేతిలోనే ఉంది, వేశాను.

లేబుళ్ళు మామయ్యగారి గదిలోనే అచ్చవుతాయి. వాటిని కుండీలకి కట్టడం మాత్రం నా పని. తారుమారు చేయడానికి నాకు దక్కింది ఆ దారం ముడి ఒక్కటే.

ఆ రోజు టీచరుగారు వెళ్ళిపోయాక మా ఆయన షెడ్డులోకి వచ్చి, “రేపు వాళ్ళింటికి వెళ్ళి, పొరపాటు నాదే, ఏమనుకోకండి అని ఏదైనా పూలమొక్క ఇచ్చి రా. ఆడవాళ్ళు ఆడవాళ్ళు మాట్లాడుకుంటే తేలిపోతుంది” అన్నారు.

అత్తయ్యగారు నా పక్కన కూర్చుని ఎండుటాకులు ఏరుతూ, “ఒక్క మాటే కదమ్మా, అనేసి రా. మీ మామయ్య తరఫున నేను ఎంతమందికి చెప్పుంటానో” అన్నారు. ఆవిడ గొంతులో కోపం లేదు, జాలీ లేదు. ఎప్పుడో అలవాటైపోయిన పని గురించి చెబుతున్నట్టుంది. నాకు భయం వేసింది. ఆయన మాటకి వేయని భయం, ఆవిడ మాటకి వేసింది.

మర్నాడు పొద్దున పూలమొక్క పట్టుకుని వెళ్ళాను. ఆ ముందుగదిలో పట్టపగలు లైటు వెలుగుతోంది. కిటికీ ఊచల అవతల పచ్చని చీకటి. అక్కగారు కుర్చీలో దాని ఎదుటే కూర్చుని ఉంది.

“రామ్మా. మొదట్లో బాగానే ఉండేది. ముందు దారినపోయేవాళ్ళ కాళ్ళు పోయాయి. సరేలే అనుకున్నా. తర్వాత నడుములు పోయాయి. మొన్నటిదాకా టోపీలూ గొడుగులూ కనబడేవి. ఇప్పుడు వాన పడితే తప్ప వీధిలో ఎవరున్నారో తెలీదు. చప్పుడు మారుతుంది కదా, గొడుగుల మీద” అంది.

నవ్వబోయి ఆగిపోయాను. టీచరుగారు నాకు మంచినీళ్ళిచ్చి ఎదురుగా కూర్చుంది. “నువ్వేనా పేర్లు తారుమారు చేసింది?”

దారి పొడుగునా బట్టీపట్టిన వాక్యం నోటి దాకా వచ్చింది. చిన్న వాక్యమే. అనేస్తే ఇంట్లో గొడవుండదు, వీళ్ళకీ ఎవరో ఒకరు క్షమాపణ చెప్పినట్టవుతుంది. కానీ ఆ కుర్చీలో మనిషి పోగొట్టుకున్న కాళ్ళూ, నడుములూ, టోపీలూ అన్నీ నా చేతి పొరపాటైపోతాయి. నేను ఏళ్ళ తరబడి గోడ పక్కన కూర్చుని తెలుసుకున్నది, నాకు తెలియనిదైపోతుంది.

“లేదండీ. పొరపాటెవరూ పడలేదు. తెలిసే ఆ పేరు పెట్టారు” అన్నాను.

తర్వాత మొత్తం చెప్పాను. మామయ్యగారి మాటతో సహా.

“మరి నిన్నెందుకు పంపారు?” అంది అక్కగారు.

“తప్పు నాదని చెప్పడానికి.”

ఆవిడ మొహంలో నవ్వు కదిలింది. “పాపం, పని చెడగొట్టావు.”

కొమ్మలు కత్తిరిస్తే సరిపోదా అని టీచరుగారు అడిగింది. ఈ జాతి ముదురు కొయ్య దాకా కోస్తే మళ్ళీ చిగురించదని, బోసి మోడు ఎదురుగా మిగులుతుందని చెప్పాను. చెట్లనే పక్కకి మార్చేద్దామన్నాను. నేల తడిగానే ఉంది. పలుగూ పారా తెప్పించుకుని, ఇద్దరం కలిసి మూడింటినీ వేళ్ళూ మట్టిగడ్డతో సహా పెకలించి ప్రహరీ మూలకి మార్చాం. మధ్యాహ్నానికి నడుము విరిగినంత పనైంది. చివరి చెట్టు పక్కకి ఒరిగినప్పుడు గదిలోంచి అక్కగారి గొంతు వినిపించింది. “ఎదురింటివాళ్ళు గేటుకి రంగు మార్చారే. ఎప్పుడు మార్చారు?”

సాయంత్రం వెనక గోడ దగ్గర నేను పెంచిన నానాల్లో మూడు తీసి, టీచరుగారి కిటికీ కింద నాటడానికి కుండీల్లో పెడుతుంటే మా ఆయన వచ్చారు.

“ఏం చెప్పావు వాళ్ళకి?”

“ఉన్నది చెప్పాను.”

“అంటే? మా నాన్న పరువు బజార్న పడేశావన్నమాట.”

“ఆయన అమ్మిన మొక్క పేరు చెప్పానండీ. అంతే.”

“రేపు ఇంకొకళ్ళొచ్చి అడిగితే?”

“చెబుతాను. అడక్కపోయినా చెబుతాను. రేపట్నుంచి ముందు కౌంటర్లో నేనుంటాను” అన్నాను. అది ఎప్పుడు నిర్ణయించుకున్నానో నాకే తెలియదు. చెప్పాక మాత్రం చాలా పాత మాటలా అనిపించింది. ఆయన లోపలికి వెళ్ళి తలుపు గట్టిగా వేసుకున్నారు.

తెల్లారాక మామయ్యగారు వచ్చేసరికి నేను కౌంటరు వెనక ఆయన కుర్చీలో ఉన్నాను. ఆయన కొంచెంసేపు గుమ్మంలోనే నిలబడి, నీళ్ళ పైపు చూసే నెపంతో అటు వెళ్ళారు. మొదట వచ్చిన కొనుగోలుదారు చేతిలో చిన్న మొక్కుంది. ముద్దుగా, గుండ్రంగా, అరచేయంత.

“ఇది ఎంత పెరుగుతుందమ్మా? వాకిట్లో మెట్ల పక్కన పెడదామని.”

రేకు గోడ అవతల అత్తయ్యగారు కడుగుతున్న కుండీల చప్పుడు ఆగిపోయింది.

“మనిషంత పెరుగుతుందండీ. ఇంకా పైకి కూడా. మెట్ల పక్కన వద్దు. లేబులు మీద పేరు తప్పు” అన్నాను. “అసలైన పొట్టి రకం కావాలంటే ఉంది కానీ, ఇంకా చిన్నది. కొన్నేళ్ళు ఆగాలి.”

అతను మొక్కని అటూ ఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా బల్ల మీద పెట్టేసి, ఏమీ కొనకుండా వెళ్ళిపోయాడు. నేను కుర్చీ ముందుకి జరుపుకుని సరిగ్గా కూర్చున్నాను.