సంబంధం

"మీ ఆమెకూ ముత్తుకూరులో ఒకాయనకూ సంబంధం తేలిందన్నా," అంది టీబీ విభాగం నుంచి వచ్చిన ఉష. మా గుమ్మంలో నిలబడి, మా ఆయన టైటస్ ముఖం మీదే అనేసింది. ఆమె చెబుతున్నది నా తెమడలో దొరికిన క్రిముల జన్యువుల సంగతి. నా క్రిమీ ఆ ముత్తుకూరు ఆయన క్రిమీ ఒకే మూలానివట. మా ఆయన చెవికి మొదటి ముక్కే ఎక్కింది.

"ఎవుడు వాడు?" అన్నాడు, ఆమె వెళ్లగానే.

"నాకెట్టా తెలుస్తాది? పేరు చెప్పకూడదంట."

"చెప్పకూడని పేరే గదా మరి!"

నా ఫోను లాక్కుని వెతికాడు. నేను ముత్తుకూరు వెళ్లింది పెళ్లికి ముందు, చర్చి క్వయర్ పాటల పోటీకి. "పోటీ ఎవరితో?" అన్నాడు. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. చివరికి నన్ను జువ్వలదిన్నెలో మా అమ్మ ఇంటికి పంపేశాడు. "జబ్బు మనిషి కాడ బిడ్డ వద్దు," అని రెండేళ్ల ఎవాంజెలిన్‌ను తన దగ్గరే ఉంచుకున్నాడు. మందులు వాడుతున్నాను కాబట్టి ఇక నా నుంచి అంటుకోదని ఉష చెప్పినా వినలేదు.

అమ్మ ఇంట్లో నాకూ ఒక అనుమానం పట్టుకుంది. ఆయన రోజూ పోర్టు పనికి కంపెనీ వ్యాన్‌లో, అద్దాలు మూసుకుని, ఏసీలో వెళతాడు. ఆ వ్యాను ముత్తుకూరు వాళ్లనూ ఎక్కించుకుంటుంది. ఇంట్లో అందరికీ పరీక్ష అన్నప్పుడు ఆయన "బీడీ దగ్గు" అంటూ తప్పించుకున్నాడు. ఆ దగ్గు నా దగ్గుకంటే ముందుది. ఉషకు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆమె ఆయన వెంటపడి తెమడ తీయించింది.

ఫలితం వచ్చాక ఉషా మా ఆయనా కలిసి అమ్మ ఇంటికి వచ్చారు. ఆయన భుజం మీద పాప నిద్రపోతోంది. మనిషి నుంచి మనిషికి పోయేకొద్దీ క్రిమి జన్యువుల్లో అప్పుడప్పుడు చిన్న మార్పు పడుతుందట. ముత్తుకూరు ఆయన క్రిమిలో లేని మార్పు ఒకటి మా ఆయన క్రిమిలో ఉంది. నా క్రిమిలో అదీ ఉంది, దానిమీద ఇంకొకటీ ఉంది.

"ఆయన నించి అన్నకు, అన్న నించి నీకు వచ్చినట్టుంది అక్కా," అంది ఉష.

"వ్యాన్‌లో నా పక్కన కూర్చునే ఆయనేమో," అని గొణిగాడు టైటస్. "తప్పయిపోయింది అబిగయీలూ. రా, ఇంటికి పోదాం."

ఆ క్షమాపణ నాకు వినపడనేలేదు. పాపను ఆయన భుజం మీద నుంచి లాక్కున్నాను.

"ఇన్నాళ్లూ బిడ్డ యాడ పండుకునింది?"

 

"నా రొమ్ము మీదనే," అన్నాడు.