ఎడమ ఎరుపు, కుడి పచ్చ

రంగులమ్మ రోజూ పొద్దున లేవగానే మొహం కూడా కడుక్కోకుండా పెరట్లోకి వెళ్లి పడవ చుట్టూ ఒకసారి తిరిగేది. ఎడమవైపు ఎన్ని సొట్టలు పడ్డాయో, కుడివైపు ఎన్ని పగుళ్లు వచ్చాయో వేళ్లతో తడిమి చూసుకునేది. ఆ తర్వాత లోపలికొచ్చి పొయ్యి మీద టీ పడేసి, అది మరిగేలోపు పక్కన రేకు డబ్బాలో సొట్టలు పూడ్చే లప్పం కలిపేది. రెండూ ఒకే గరిటెతో కలుపుతుందని పక్కింటి దర్జీ ఊరంతా చెప్పుకు తిరుగుతాడు. అది అబద్ధం. అలా జరిగింది ఒక్కసారే. ఆ టీ తాగింది దర్జీయే.

ఆమె వృత్తి గోడలకు రంగులేయడం. ముప్పై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల ఏ గోడ చూసినా ఆమె చెయ్యి పడిందే. లోపల చెమ్మ ఉన్నా, పగులున్నా, ఇంట్లోవాళ్లకు ఒకరితో ఒకరికి మాటల్లేకపోయినా, పైకి మాత్రం అద్దంలా నున్నగా చేసి ఇచ్చేది. ఆ పనితనం చూసి ముచ్చటపడనివాళ్లు లేరు. ఆ గోడల మధ్య కాపురం చేసేవాళ్లు తప్ప.

ఆమెకు ఇద్దరు కొడుకులు. పెద్దోడు వెల్డింగ్ షాపులో, చిన్నోడు రేవు పక్కన ఐస్ ఫ్యాక్టరీలో. ఇద్దరికీ ముప్పై దాటాయి. పెద్దోడికి చెయ్యి ముందు లేస్తుంది, మాట తర్వాత వస్తుంది. చిన్నోడికి మాటే ముందు, కాకపోతే ఆ మాట విన్నాక ఎదుటివాడి చెయ్యి ఊరుకోదు. తగాదాకు కారణం ఏమిటని అడిగితే చిన్నప్పటి సైకిలు అంటాడొకడు, దుప్పటి అంటాడొకడు. ఆ సైకిలు తుప్పుపట్టి పోయి పాతికేళ్లయింది. తగాదా మాత్రం ఏ రోజుకారోజు కొత్తదే.

పడవ రాకముందు లెక్క ఇలా ఉండేది. పెద్దోడి ముందు పళ్లు రెండు పోయాయి. చిన్నోడి ఎడమ చెవి తమ్మె పోయింది. వీధి చివరి కాంపౌండరు వాళ్లిద్దరి పుణ్యమాని తన కొట్టు మీద పై అంతస్తు వేసుకున్నాడు. ఒకసారి పెద్దోడు ఇనపరాడ్డుతో కొడితే చిన్నోడు మూడు రోజులు కళ్లు తెరవలేదు. ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్న ఆ మూడు రోజుల్లో రంగులమ్మకు ఒక సంగతి తెలిసిపోయింది. ఏదో ఒక రోజు తనకు ఒక్క కొడుకే మిగులుతాడు, వాడు కూడా జైల్లో ఉంటాడు.

అందుకే పడవ కట్టమన్నది ఆమే. "ఇద్దరూ కలిసి కట్టండి, ఇద్దరూ కలిసి చేపలు పట్టుకోండి. చేతులకు పనుంటే ఒళ్లు అలుస్తుంది" అంది. ఒళ్లు అలిస్తే కొట్టుకోరని ఆమె ఆశ. కన్నతల్లి కాబట్టి ఆశపడింది. మిగతావాళ్లం నవ్వుకున్నాం.

పడవకు అడుగు దుంగ వేసిన రోజే చిన్నోడు ఏదో అన్నాడు. పెద్దోడు చేతిలో ఉన్న సుత్తి కింద పెట్టకుండానే వాడి దవడ మీద వేశాడు. చిన్నోడు చెక్కు చెదరలేదు. దుంగ ముందు కొస మాత్రం టప్పున చీలింది. చప్పుడు విని సంచీ పట్టుకుని పరిగెత్తుకొచ్చిన కాంపౌండరు దవడ చూశాడు, దుంగ చూశాడు, "సరే అయితే" అని సంచీ మూసుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి అంతే. చిన్నోడికి తగిలిన దెబ్బలన్నీ పడవ కుడివైపు, పెద్దోడికి తగిలినవన్నీ ఎడమవైపు. తల మీద కొడితే ముందు కొసకు, కడుపులో తంతే నడుమ పలకకు, కాళ్ల మీద కొడితే వెనక చెక్కకు. మనుషుల ఒంటి మీద గీత కూడా పడేది కాదు. ఈ సదుపాయం తమక్కూడా ఉంటుందేమోనని దర్జీ, వాడి బావమరిది ఒక సాయంత్రం ఆ పెరట్లోకి వచ్చి కొట్టుకున్నారు. దర్జీకి ముక్కు విరిగింది. కాంపౌండరు ఆ వారమంతా హుషారుగా ఉన్నాడు.

దెబ్బ తగలడం లేదు కదా అని రంగులమ్మ మొదటి వారం హాయిగా ఊపిరి పీల్చుకుంది. రెండో వారానికి ఆ హాయి పోయింది.

ఇదివరకు నొప్పి పుట్టగానే ఎవరో ఒకరు ఆగేవారు. ఇప్పుడు ఆగడానికి కారణమే లేదు. పిడికిళ్లు పోయి సుత్తులొచ్చాయి. సుత్తులు పోయి చిత్రిక బద్దలు, ఉలులు వచ్చాయి. ఒక మధ్యాహ్నం అన్నం తింటూ తింటూ చిన్నోడు లేచి, మంచుగడ్డలు లాగే ఇనప కొక్కెం తీసుకుని పెద్దోడి భుజంలో దింపాడు. కొక్కెం మొదలంటా దిగింది. పెద్దోడు దాన్ని పీకి పక్కన పెట్టి, "చొక్కా చింపావు కదరా, కొత్తది" అన్నాడు. తర్వాత కంచం ఎత్తి వాడి మొహాన కొట్టాడు. పెరట్లో ఎడమ పలకకు పిడికెడంత కంత, కుడి కొసకు అరచేతి వెడల్పున సొట్ట.

"పప్పు కూడా పారబోశావు" అంది రంగులమ్మ. లేచి వెళ్లి లప్పం డబ్బా మూత తీసింది.

పలకల సందుల్లో నూనెలో నానిన దూదితాడు దట్టించడం, పైన లప్పం పెట్టడం, ఆరాక గరుకు కాగితంతో రుద్దడం, దాని మీద ప్రైమరు, ఆపైన రంగు. ఒక్కో పూతకూ రెండు రోజులు ఆరాలి. ఆ రెండు రోజుల్లో వాళ్లు మళ్లీ కొట్టుకునేవాళ్లు. మళ్లీ గీకుడు. మళ్లీ లప్పం.

ఒక రోజు విసిగిపోయి పెద్దోడి చేతిలో లప్పం డబ్బా పెట్టింది. "నీ చేత్తో పడిన సొట్ట నీ చేత్తోనే పూడ్చు."

"నాకు రాదమ్మా."

"కొట్టడం ఎవరు నేర్పారని వచ్చింది? బొటనవేలు తడి చేసుకో. అలా అదమకు. నెమ్మదిగా రుద్దు. అది గోడ కాదురా, నీ తమ్ముడి డొక్క."

పెద్దోడు నాలుకతో వేలు తడి చేసుకుని రుద్దాడు. ఆ చేతిలో అంత నిదానం ఉందని వాడికే తెలియదు. సొట్ట ఎక్కడుందో వెతికినా కనపడలేదు. గోడ మీద కూర్చుని చూస్తున్న చిన్నోడు, "బాగా వచ్చింది. ఇంకోటి కావాలా, తల చూపించనా?" అన్నాడు. పెద్దోడు డబ్బా విసిరాడు. పడవ ముందు కొసకు ఇంకో సొట్ట వచ్చింది.

చివరి పూత ఏ రంగన్న దగ్గర అన్నింటికంటే పెద్ద గొడవ అయింది. పెద్దోడు ఎరుపన్నాడు. చిన్నోడు పచ్చన్నాడు. ఉదయం మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా కొట్టుకున్నారు. పలకలు ఒకటొకటిగా పటపటమంటుంటే పక్కిళ్లవాళ్లు వంటలు చేసుకున్నారు, బట్టలు ఉతుక్కున్నారు. దర్జీ మాత్రం కిటికీలోంచి, "నీలమైతే ఇంకా బాగుంటుందేమో" అని సలహా ఇచ్చాడు. ఆ రోజు ఇద్దరూ కలిసి ఒక పని చేశారంటే అది దర్జీ కిటికీ పగలగొట్టడం ఒక్కటే.

సాయంత్రానికి రంగులమ్మ రెండు డబ్బాలూ మూత తీసి, ఎడమవైపంతా ఎరుపు, కుడివైపంతా పచ్చ వేసేసింది. "ఇప్పుడు ఎవడి పక్క వాడిది. చూసుకోండి" అంది.

రేవు గుమాస్తా కబురు చేశాడు. శుక్రవారానికల్లా పడవ నీళ్లలో లేకపోతే దాన్ని రేవులో కట్టేసుకోవడానికి ఇచ్చిన చోటు ఇంకొకళ్లకు వెళ్లిపోతుందని. కొడుకులు తొందరపడ్డారు. తల్లి మాత్రం ఉన్నట్టుండి నిదానించింది. ఆరిన రంగును మళ్లీ గీకేది. బాగున్న చోట మళ్లీ లప్పం పెట్టేది.

"ఏంటమ్మా నువ్వు, ఎన్నిసార్లు గీకుతావు? అది పడవా, నీ పంతమా?" అన్నాడు చిన్నోడు.

"ఇది నీళ్లలోకి వెళ్లాక మీ ఇద్దరూ దాని మీదే ఉంటారు కదరా?"

"మరి ఒడ్డున కూర్చుని పడతామా చేపలు?"

"అక్కడ కొట్టుకుంటే?"

"కొట్టుకుంటే ఏముంది, ఒంటికి తగలదుగా."

"ఒంటికి తగలదు. కాళ్ల కింద తగులుతుంది."

వాడు నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆమెకు తెలిసింది వాడికి తెలియదు. లప్పం సొట్టను పూడుస్తుంది గానీ చెక్కకు బలం ఇవ్వదు. ఇన్ని నెలలూ ఆమె పడవను గోడలా చూసుకుంది. పైన అద్దంలా ఉంది, లోపల పక్కటెముకలన్నీ నలిగిపోయి ఉన్నాయి. వెల్డింగ్ చేతుల వల్ల పచ్చవైపు మరీ గుల్ల.

గురువారం గుమాస్తా పడవ తనిఖీకి వచ్చాడు. ఆ అరగంట కొడుకులిద్దర్నీ ఒకరు ఇటు, ఒకరు అటు గోడకు ఆనించి నిలబెట్టింది. గుమాస్తా చుట్టూ తిరిగి, "ఎడమ ఎరుపు, కుడి పచ్చ. రాత్రిపూట పడవకు పెట్టే దీపాల వరస ఇదే. తెలిసినవాళ్లు వేశారన్నమాట" అని మెచ్చుకున్నాడు. నాలుగు చోట్ల పెన్సిలుతో తట్టాలని వాళ్ల పుస్తకంలో ఉందట, సరిగ్గా నాలుగు చోట్ల తట్టాడు. నాలుగోది పచ్చవైపు. బోలుగా మోగింది. ఒక క్షణం ఆగాడు.

రంగులమ్మ నోరు తెరిచింది. బాగోలేదండీ, వద్దనండీ అని చెప్పాలనుకుంది. పెద్దోడు గోడ దగ్గర్నుంచి, "ఏమైంది సార్?" అని ఒక అడుగు ముందుకేశాడు. ఆ అడుగు చూసి గుమాస్తాకు అంతా బాగానే ఉన్నట్టు తోచింది. సంతకం పెట్టేశాడు.

శుక్రవారం పొద్దున్నే వీధి మొత్తం రేవులో ఉంది. పనుండి వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. కాంపౌండరు సంచీ లేకుండా వచ్చాడు, అవసరం పడి చాలాకాలమైంది. దర్జీ కిటికీ అద్దం సంగతి అడగడానికి వచ్చానన్నాడు గానీ అడగలేదు. రంగులమ్మ చేతిలో లప్పం డబ్బా ఉంది. నీళ్లలోకి తోసేముందు కుడి కొస మీద ఒక గీత కనబడితే దాన్ని అక్కడికక్కడే తడివేలితో పూడ్చింది.

పడవ తేలింది. ఎండలో ఒకవైపు ఎర్రగా, ఒకవైపు పచ్చగా మెరుస్తుంటే అందరూ ఆహా అన్నారు. చిన్నోడు తెడ్డు వేశాడు, పెద్దోడు వల సర్దాడు. గట్టిగా పిలిస్తే వినపడేంత దూరం వెళ్లారు. అక్కడ ఆగారు.

మొదటి వల ఎవడు వేయాలన్న దగ్గర ఆగారని తర్వాత తెలిసింది.

చిన్నోడు ఏదో అన్నాడు. ఒడ్డుకు వినపడలేదు. వినపడకపోయినా అందరికీ అర్థమైంది. పెద్దోడు వల కింద పడేసి వాడి చేతిలోని తెడ్డు లాక్కున్నాడు. ముందు కడుపులో పొడిచాడు. పడవ నడుమ పలక ఒకటి ఊడి నీళ్లమీదకొచ్చింది. చిన్నోడు వాడి గొంతు పట్టుకుని మెడ నులిమాడు. ఎర్రటి అంచు చెరుకుగడలా మెలితిరిగింది. ఇద్దరికీ మోకాళ్ల దాకా నీళ్లొచ్చాయి, ఇద్దరూ చూసుకోలేదు.

"ఆపండ్రా" అని రంగులమ్మ అరిచింది. వాళ్లు చిన్నప్పటి నుంచీ విననట్టే అప్పుడూ వినలేదు.

పెద్దోడు రెండు చేతులా తెడ్డు పైకెత్తాడు. ఇన్నాళ్ల అలవాటు. తగలదన్న ధీమా. ఉన్న బలమంతా కూడగట్టుకుని చిన్నోడి నడినెత్తి మీద వేశాడు. తెడ్డు రెండు ముక్కలైంది. చిన్నోడి జుట్టు కూడా చెదరలేదు. పడవ మాత్రం ముందు కొస నుంచి వెనక చెక్క దాకా గుడ్డ చింపినట్టు నిలువునా చీలిపోయింది. ఎర్ర సగం అటు, పచ్చ సగం ఇటు. మధ్యలో ఇద్దరూ నీళ్లలో.

"ఆ దెబ్బ తల మీద పడి ఉంటే నా దాకా కూడా వచ్చేవాడు కాదు" అన్నాడు కాంపౌండరు, ఎవరూ అడగకపోయినా.

రేవు పక్కనే పని కాబట్టి చిన్నోడికి ఈత వచ్చు. వెల్డింగ్‌వాడికి రాదు. పెద్దోడి తల రెండుసార్లు పైకొచ్చింది. మూడోసారి రాలేదు. చిన్నోడు అక్కడే ఈదుతూ కాసేపు చూశాడు. ఎంతసేపని అడిగితే ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. రంగులమ్మ లెక్కలో అది ఒక జీవితకాలం. తర్వాత వాడు మునిగి, అన్నను జుట్టు పట్టుకుని పైకి లాగి, అలాగే జుట్టు పట్టుకుని ఒడ్డు దాకా ఈడ్చుకొచ్చాడు.

పెద్దోడు ఇసుకలో పడి కడుపులో నీళ్లన్నీ కక్కాడు. లేచాడు. మాడు తడుముకున్నాడు. "జుట్టే దొరికిందా నీకు?" అని చిన్నోడి చెంప పగలగొట్టాడు.

ఇన్ని నెలలూ చెక్క చప్పుడుకు అలవాటు పడ్డవాళ్లకు ఆ చప్పుడు వింతగా వినిపించింది. మెత్తగా ఉంది. తడిగా ఉంది. చిన్నోడు రెండడుగులు తూలి ఇసుకలో కూలబడ్డాడు. చెంప మీద ఐదు వేళ్లూ ఎర్రగా లేచాయి. పెదవి చిట్లి నెత్తురు కారింది. వేలితో తుడుచుకుని ఆ వేలి వంకే చూస్తూ ఉండిపోయాడు, అదేమిటో మరిచిపోయినవాడిలా.

పెద్దోడు దూరంగా తేలిపోతున్న రెండు ముక్కల వైపు తిరిగి చూశాడు. ఎక్కడా కొత్త సొట్ట పడలేదు. మళ్లీ తమ్ముడి చెంప చూశాడు. ఆ తర్వాత తన చెయ్యి చూసుకున్నాడు.

రంగులమ్మ ఇసుకలో నడుచుకుంటూ వచ్చి, లప్పం డబ్బా తెచ్చి వాడి చేతిలో పెట్టింది.

"పూడ్చు" అంది.

పెద్దోడు డబ్బా లోపలికి చూశాడు. దాన్ని పక్కన పెట్టాడు. తమ్ముడి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. చిన్నోడు తల వెనక్కి తీసుకుని రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్లలో వాడు అలా అడ్డం పెట్టుకోవడం పెద్దోడు ఎప్పుడూ చూడలేదు. చూసి ఉన్నా ఆగి ఉండడు. ఆ చేతులు రెండూ పక్కకు తీశాడు. నాలుకతో బొటనవేలు తడి చేసుకుని, ఆ ఎర్రటి వేళ్ల గుర్తుల మీద రుద్దసాగాడు. గుర్తులు పోలేదు.

"నొప్పిగా ఉందా?" అన్నాడు.

"ఉంది" అన్నాడు చిన్నోడు.

పెద్దోడు వేలు మళ్లీ తడి చేసుకున్నాడు.

"నెమ్మదిగా" అంది రంగులమ్మ.