బీరువా మీద దుప్పటి

ఇంతకీ ఆ బల్ల సంగతి కనకలక్ష్మి చెవిలో ఎవరు వేసి ఉంటారు, క్యారమ్ బోర్డులు ట్యూబ్‌లైటు కింద పెట్టినా, తంబోలా కుర్చీలు ఎటు తిప్పినా, అష్టాచమ్మా చాపలు ఎక్కడ పరిచినా మీ ఇష్టం అంకుల్, కార్డ్స్ టేబుల్ మాత్రం లాస్ట్ ఇయర్ ఉన్నచోటే ఉంచండి అంది కదా, అపార్ట్‌మెంట్ సెక్రటరీకి పదమూడు ముక్కల మీద అంత శ్రద్ధ ఎందుకట, అనుకుంటూ సన్యాసిరాజు ఆటల సాయంత్రం కోసం హాలు నేల మీద సుద్దముక్కతో ప్లాను గీస్తున్నవాడల్లా ఆగాడు, తన ప్లానులోనూ ఆ బల్ల అక్కడే ఉందనుకో, అది వేరే సంగతి, ముప్ఫయ్యేళ్ళు ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసిన చెయ్యి తనది, ఒకరు చెబితే గీసేది కాదు, ఇది కచ్చితంగా బాబ్జీ పనే, ఏడాదిగా ముఖం చాటేసి ఇప్పుడు వెనకనుంచి నడిపిస్తున్నాడు.

నిరుడు ఏం జరిగిందో పద్మారావు నగర్లో ఈ నాలుగంతస్తులకీ తెలుసు, ఇదే హాలు, ఇలాంటి ఆటల సాయంత్రమే, తన కుర్చీ వెనక ఆటల్లో గెలిచిన కప్పులు పెట్టిన అద్దాల బీరువా, ఎదురుగా బాబ్జీ, వాడి వెనక కిటికీ, వరసగా మూడాటలు వాడివే, మూడో ఆటలో వాడికి కావలసిన ఇస్పేటు రాణిని తను చేతిలో బిగించి కూర్చున్నా జోకరు తెచ్చుకుని షో కొట్టాడు, అద్దంలో చూడకుండా అది ఎవరికి సాధ్యం, ఆ మాటే అందరి ముందూ అనేశాడు, బీరువా అద్దంలో నా ముక్కలు చూస్తున్నావురా అని, బాబ్జీ ముక్కలు బోర్లా పెట్టి లేచి వెళ్ళిపోయాడు, విజయనగరంలో ఒకే రైలెక్కి సికింద్రాబాద్ స్టేషన్లో ఒకే ట్రంకుపెట్టెతో ఇద్దరూ దిగారు, ఇప్పుడు తను లిఫ్టు దగ్గర కనిపిస్తే వాడు మోకాళ్ళ నొప్పితోనే మెట్లెక్కి పోతున్నాడు, పోనీ, తప్పు చేసినవాడికి అంత రోషమైతే తనకేం, కానీ సాయంత్రాలు గడవడం లేదు, అది నిజం.

పైన నిచ్చెన మీదున్న ఎలక్ట్రీషియన్ బ్రహ్మచారి, ట్యూబ్‌లైటు బిగించడానికి వచ్చినవాడు, బిగించి ఊరుకోవచ్చు కదా, బీరువాకు దుప్పటి కప్పమన్నరు సరే, కిటికీకి ఈ ఏడు కొత్తగ ఏసిన కర్టెన్ ఎందుకు తీసేయమన్నరు సార్ అన్నాడు, వెలుతురు కోసమయ్యా అన్నాడు తను, ఆరున్నరకు వెలుతురు ఏడికెళ్లి వస్తది సార్, పొద్దుగూకుతది కదా అని వాడు నవ్వాడు, ఆ నవ్వులో ఏదో ఉంది, ఈ కూపీ లాగమని వాడికి ఎవరు చెప్పారు, బాబ్జీయా, లేక దేముడమ్మా, తన పెళ్ళామైనా ఆవిడ ఫోను పట్టుకుని వంటింట్లోకి వెళ్ళినప్పుడల్లా గొంతు తగ్గుతుంది, అవతల బాబ్జీ భార్య కాక ఇంకెవరు.

బ్రహ్మచారి నిచ్చెన మడిచి వెళ్ళిపోయాక ఒకసారి రుజువు చూసుకుందామనిపించింది, దుప్పటి తీశాడు, తన కుర్చీ వీపుకి ముక్క ఒకటి ఆనించి, బొమ్మ ఇటు కాక అద్దం వైపు తిప్పి, వెళ్ళి బాబ్జీ కుర్చీలో కూర్చున్నాడు, అద్దంలో కప్పులే కనిపించాయి, వాటి వెనక దుమ్ము, మధ్యలో ట్యూబ్‌లైటు తెల్లటి చార, ముక్క ఎక్కడా లేదు, మెడ చాచాడు, వంగాడు, లేచి మళ్ళీ కూర్చున్నాడు, ఊహూఁ, అయితే బీరువాని జరిపించారన్నమాట, సాక్ష్యం లేకుండా, కానీ దాని నాలుగు కాళ్ళ కిందా తుప్పు మరకలు నేలలో ఇంకిపోయి ఉన్నాయి, అది ఏళ్ళ తరబడి అంగుళం కదల్లేదు, మరి వాడెలా చూశాడు, చూడలేదా, చూడకపోతే తను, ఇంతలో మెట్ల మీద దగ్గు వినబడింది.

ఆ దగ్గు తనకి తెలుసు, బాబ్జీ గుమ్మంలో నిలబడ్డాడు, దేముడమ్మ నాలుగుసార్లు ఫోన్ సేసింది, అందుకొచ్చాను అన్నాడు, ఏటి, నా కుర్సీ కూడా లాగేసుకున్నావా అన్నాడు, నవ్వలేదు, లేవబోయిన తనని చేత్తోనే వారించి ఎదురుగా, సన్యాసిరాజు కుర్చీలో, ఆనించిన ముక్క తీసి బల్ల మీద పెట్టి కూర్చున్నాడు, మిగతావాళ్ళు రావడానికి ఇంకా పావుగంట ఉంది, తను ముక్కలు కలిపాడు, పంచాడు, పదమూడూ విప్పి పట్టుకున్నాడు, బాబ్జీ తన ముక్కలు ఇంకా సర్దుకోనేలేదు, ఇటు చూసి చటుక్కున తల దించేసుకున్నాడు, ఒరే సన్నాసీ, నీ ముక్కలన్నీ కిటికీలో కనపడిపోతన్నాయిరా, కాస్త దించి పట్టుకో అన్నాడు.

సన్యాసిరాజు వెనక్కి తిరిగాడు, బయట చీకటి పడింది, తెర లేని కిటికీ అద్దంలో తన బట్టతల, దాని పక్కన విసనకర్రలా విప్పిన పదమూడు ముక్కలు, అంకెలతో సహా, బాబ్జీకి ఇస్పేటు రాణి కావాలని నిరుడు తనకి ఎలా తెలిసిందో కూడా అక్కడే ఉంది, తెర తీసేయాలని ప్లానులో తన చెయ్యి ఎందుకు రాసిందో కూడా, కూర్చున్న నిమిషంలో బాబ్జీ ఈ మాట అనేశాడు, అదే కుర్చీలో నిరుడు మూడాటల సేపు కూర్చుని తను అనలేదు.